చీకట్లో గుడ్లగూబకి నిజంగా ఎంత కనిపిస్తుంది? రెయిన్‌ఫారెస్ట్‌లో స్పెక్టకిల్డ్ ఔల్ లెక్కే వేరు

గుడ్లగూబ అనగానే అందరి బుర్రలో ఒక లెక్క ఫిక్స్ అయిపోయి ఉంటుంది. దానికి చీకట్లో పట్టపగల్లా కనిపిస్తుంది, మనకంటే వంద రెట్లు బాగా చూస్తుంది, ఆకు కింద ఎలుక కదిలినా వినేస్తుంది, రెక్కల చప్పుడు లేకుండా వచ్చి ఎత్తుకుపోతుంది, అక్కడితో కథ కంచికి. ఇందులో చూపు సంగతి చాలా ఎక్కువ చేసి చెప్పింది, వినికిడి సంగతి వేరే గుడ్లగూబ మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది, రెక్కల సంగతి నిజమే కానీ అది ఒక్కటే సరిపోదు. ఈ మూడూ మూటగట్టి ఒక ఉష్ణమండల వర్షారణ్యంలోకి పట్టుకెళ్తే అస్సలు పొసగదు, ఎందుకంటే ఆ అడవి నేల మీద రాత్రిపూట వెలుతురు దాదాపు ఉండదు, నిశ్శబ్దం అంతకంటే ఉండదు. మరి అక్కడ రాత్రంతా వేటాడే పెద్ద గుడ్లగూబ ఎలా బతుకుతోంది అన్నదే అసలు ప్రశ్న.

ఉదాహరణకి స్పెక్టకిల్డ్ ఔల్‌నే తీసుకుందాం. సైంటిఫిక్ పేరు పల్సాట్రిక్స్ పర్స్పిసిలాటా, 1790లో జాన్ లాథమ్ అనే ఇంగ్లీషు పక్షి శాస్త్రవేత్త మొదటిసారి దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. దక్షిణ మెక్సికో నుంచి మొదలుపెట్టి మధ్య అమెరికా మొత్తం, ట్రినిడాడ్, కొలంబియా, వెనిజులా, అమెజాన్, పెరూ, బొలీవియా, బ్రెజిల్, అక్కడినుంచి ఉత్తర అర్జెంటీనా దాకా దీని రాజ్యం. సుమారు 41 నుంచి 52 సెంటీమీటర్ల పొడవు, తల మీద కొమ్ముల్లాంటి ఈకలు ఏమీ ఉండవు, గుండ్రటి ముదురు గోధుమరంగు తల, కళ్ళ చుట్టూ తెల్లటి గీతలు కళ్ళజోడు పెట్టినట్టు, ఛాతీ మీద ఒక ముదురు పట్టీ, దాని కింద పొట్టంతా లేత పసుపు. కళ్ళు మాత్రం మంచి నారింజ పసుపు. ఆడది మగదానికంటే బరువు, బాగా బలిసినవి కిలో కూడా దాటతాయి. ఆ అడవుల్లో ఉండే గుడ్లగూబల్లో పెద్దవాటిలో ఇదొకటి.

కళ్ళ రంగు ఎందుకు ప్రత్యేకంగా చెప్పానంటే, నల్ల కళ్ళున్న గుడ్లగూబలు రాత్రివి, పసుపు కళ్ళున్నవి పగటివి, నారింజ కళ్ళున్నవి సంధ్యవేళవి అని ఒక రూల్ ఎప్పటినుంచో తిరుగుతూ ఉంది. స్పెక్టకిల్డ్ ఔల్ ఆ రూల్‌ని చక్కగా పక్కన పడేస్తుంది, కళ్ళేమో పసుపు, బతుకేమో ఎక్కువగా రాత్రిపూట. గుడ్లగూబల గురించి ఇలాంటి షార్ట్‌కట్లు చాలా ఉన్నాయి, ఎక్కువభాగం యూరప్, ఉత్తర అమెరికాల్లో ఉండే నాలుగైదు జాతుల్ని చూసి చెప్పినవి. ఆ లెక్కల్ని ఇక్కడికి తెచ్చి అతికించడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

ముందు వెలుతురు సంగతి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు బయట లక్ష లక్స్ (వెలుతురుని కొలిచే యూనిట్) దాకా వెలుతురు ఉంటుంది. నిండు పున్నమి వెన్నెల మహా అయితే 0.3 లక్స్, మామూలుగా 0.1 దగ్గర్లో. చంద్రుడు లేకుండా ఉత్త నక్షత్రాలే ఉంటే 0.001 లక్స్ ప్రాంతం. ఇదంతా ఆరుబయట లెక్క. దట్టమైన వర్షారణ్యంలో పగటిపూట ఎండలోనే నూటికి ఒకటి రెండు వంతులు మాత్రం నేల దాకా దిగుతాయి, మిగతాది పైన ఆకులే తాగేస్తాయి. రాత్రి కూడా అదే వడపోత అనుకుంటే, పున్నమినాడు కూడా ఆ చెట్ల కింద ఉన్నది ఆరుబయట అమావాస్య రాత్రి ఉండే వెలుతురు కంటే పెద్ద ఎక్కువేం కాదు. ఇంక అమావాస్యకి మబ్బులు కూడా కమ్మితే చెప్పక్కర్లేదు. పైగా భూమధ్యరేఖ దగ్గర సంధ్యవేళ చిన్నది, పొద్దు వాలిన కాసేపటికే బాగా చీకటి పడిపోతుంది, ఏడాది పొడుగునా రాత్రి సుమారు పన్నెండు గంటలు. ఉత్తర దేశాల గుడ్లగూబలకి ఎండాకాలంలో రాత్రి నాలుగైదు గంటలే ఉండి, అదీ పూర్తి చీకటి కాకుండా ఉంటుంది, పిల్లల్ని పెంచే టైమ్‌లో కొన్ని సాయంత్రం వెలుతురులోనే వేటకి దిగుతాయి. స్పెక్టకిల్డ్ ఔల్‌కి ఆ వెసులుబాటు లేదు, చీకటి మాత్రం కావల్సినంత ఉంది.

మరి కళ్ళు? కళ్ళు నిజంగానే పెద్దవి. గుడ్లగూబ కన్ను మన కన్నులా గుండ్రంగా ఉండదు, గొట్టంలా ముందుకి సాగి ఉంటుంది, చుట్టూ ఎముకల రింగు ఉంటుంది, అందుకే కన్ను గుంటలో అటూ ఇటూ తిరగదు, తల తిప్పాల్సిందే, దాని కోసమే మెడలో పద్నాలుగు వెన్నుపూసలు, 270 డిగ్రీల దాకా తిరగడం, ఇదంతా అందరికీ తెలిసిందే కాబట్టి సాగదీయను. తెలియనిది ఏంటంటే ఈ పెద్ద కళ్ళతో అది ఎంత ఎక్కువ చూస్తుంది అన్నది కొలిస్తే వచ్చిన నంబర్.

1945లో లీ డైస్ అనే అమెరికన్ జంతుశాస్త్రవేత్త గుడ్లగూబలు ఎంత తక్కువ వెలుతురులో చచ్చిన ఎలుకని కంటితో కనుక్కోగలవో పరీక్షించి ఒక పేపర్ రాశాడు. చచ్చినది ఎందుకంటే చప్పుడు చేయదు కాబట్టి, చెవుల సాయం లేకుండా చూపొక్కటే పరీక్షించడానికి. అలాంటి పాత పరీక్షల నుంచే పది రెట్లు, వంద రెట్లు అనే మాటలు జనంలోకి వచ్చి స్థిరపడిపోయాయి. తర్వాత 1977లో గ్రాహం మార్టిన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు టానీ ఔల్ అనే యూరప్ అడవి గుడ్లగూబకి ట్రైనింగ్ ఇచ్చి, అది ఎంత మసక వెలుతురుని గుర్తుపట్టగలదో పద్ధతిగా కొలిచాడు. తేలిందేంటంటే పావురం కంటే టానీ ఔల్ చూపు సుమారు వంద రెట్లు సున్నితం. ఇక్కడ వంద ఉంది, కానీ మనిషితో కాదు, పావురంతో. మనిషితో పోలిస్తే సగటున రెండున్నర రెట్లు, అంతే. అది కూడా ఎక్కువభాగం కంటి నిర్మాణం వల్ల, ఆ కన్ను రెటీనా మీద, అంటే కంటి వెనక తెర మీద, వేసే బొమ్మ మన కంట్లో పడే బొమ్మ కంటే 2.7 రెట్లు ప్రకాశంగా ఉంటుంది, దాదాపు ఆ తేడాయే ఫలితంలోనూ కనిపించింది. మనుషుల్లోనే ఒకరికీ ఒకరికీ రాత్రి చూపులో తేడాలుంటాయి కాబట్టి, చీకటికి బాగా అలవాటుపడిన కళ్ళున్న మనిషి కొన్ని గుడ్లగూబలకి పెద్దగా తీసిపోడు అన్నమాట. ఈ నంబర్ మొదటిసారి చదివినప్పుడు చాలామందికి నమ్మబుద్ధి కాదు, రెండున్నరేనా అనిపిస్తుంది.

స్పెక్టకిల్డ్ ఔల్ కళ్ళు టానీ ఔల్ కళ్ళకి అచ్చు కాపీ అని అనడం లేదు. కానీ కంటికి ఫిజిక్స్ ఒక హద్దు పెడుతుంది, తలలో పట్టేంత సైజు కన్నే పెట్టుకోవాలి, ఆ కంట్లో పడే కాంతి కణాలే లెక్క, లేని వెలుతురుని ఏ కన్నూ పుట్టించలేదు. మార్టిన్ ఇంకో మాట కూడా తేల్చాడు, యూరప్ అడవుల్లోనే చెట్ల కింద చాలా రాత్రుళ్ళు ఉండే వెలుతురు ఆ గుడ్లగూబ చూపు పని చేయగలిగే హద్దుకి దగ్గరగానో, కొన్నిసార్లు దానికంటే కిందనో ఉంటుంది. వర్షారణ్యం దానికంటే దట్టం. కాబట్టి "దానికి అన్నీ కనిపిస్తాయి" అన్న సమాధానం ఇక్కడితో ఆగిపోతుంది.

సరే, చూపు కాకపోతే చెవులు అంటారు. ఇక్కడ అందరూ చెప్పేది నిజానికి బార్న్ ఔల్ అనే ఇంకో గుడ్లగూబ జాతి కథ. రోజర్ పేన్ అనే ఆయన, తర్వాతి కాలంలో తిమింగలాల పాటలతో ఫేమస్ అయింది ఈయనే, పూర్తి చీకటి గదిలో నేల మీద ఆకులు పరిచి ఎలుకని వదిలితే బార్న్ ఔల్ ఉత్త చప్పుడుని బట్టి దాన్ని పట్టేస్తుందని చూపించాడు. తర్వాత మసకాజు కోనిషి, ఎరిక్ నుడ్సన్ 1978లో ఆ గుడ్లగూబ మెదడులో శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పే మ్యాప్ లాంటి ఏర్పాటు ఉందని కనిపెట్టారు. దాని రెండు చెవులు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి కాస్త పైకి, ఇంకోటి కాస్త కిందకి, కాబట్టి చప్పుడు ఎడమా కుడా అనేది రెండు చెవులకీ చేరే టైమ్ తేడాని బట్టి, పైనా కిందా అనేది ఏ చెవికి గట్టిగా వినిపించింది అన్నదాన్ని బట్టి పట్టేస్తుంది. న్యూరోసైన్స్‌లో ఇది క్లాసిక్ పని, అందులో డౌట్ లేదు.

కానీ ఈ ఎగుడుదిగుడు చెవులు అన్ని గుడ్లగూబలకీ ఉండవు. కొన్ని కుటుంబ శాఖల్లోనే వచ్చింది, చాలావాటికి చెవులు మామూలుగా రెండువైపులా సమానంగానే ఉంటాయి. ఒక జాతి మీద చేసిన ప్రయోగాన్ని సుమారు రెండు వందల యాభై జాతులకీ అంటగట్టేయడం అలవాటైపోయింది. ఇంకో సంగతి, అంత కచ్చితంగా గురిచూడటానికి బార్న్ ఔల్‌కి బాగా పనికొచ్చేవి 6000 నుంచి 9000 హెర్ట్జ్ మధ్య ఉండే సన్నటి చప్పుళ్ళు, ఎండుటాకు గరగర లాంటివి. వర్షారణ్యంలో రాత్రిపూట సరిగ్గా ఆ చుట్టుపక్కల పౌనఃపున్యాల్లోనే కీచురాళ్ళు, రకరకాల మిడతలు గోల పెట్టేస్తూ ఉంటాయి, ఇంకొంచెం కిందకొస్తే కప్పలు. సాయంత్రం సికాడాలు అనే కీటకాలు అందుకుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. కోస్టారికాలో లా సెల్వా అనే రీసెర్చ్ స్టేషన్ దగ్గర గమనించారు, సికాడాలు మొదలుపెట్టగానే చాలా పక్షులు అరవడం ఆపేస్తాయి, గొంతు చించుకుని లాభం లేదని. పగటి పక్షులకి అక్కడ అరుపులే వినపడనప్పుడు, అలాంటి గోలలో ఎలుక అడుగు చప్పుడు పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. దానికి తోడు వాన. వాన పడుతుంటే ప్రతి ఆకూ చప్పుడే, పైగా గుడ్లగూబల ఈకలు మెత్తగా ఉండటం కోసం నీళ్ళు ఆపే గుణాన్ని కొంత వదులుకున్నాయి, తడిస్తే బరువెక్కుతాయి. పేరులోనే వర్షం ఉన్న అడవిలో ఇది చిన్న ఇబ్బంది కాదు.

చెవులు పనికిరావు అనడం లేదు, పొరపాటుగా తీసుకోకండి. ముఖం చుట్టూ ఈకల అమరిక శబ్దాన్ని చెవి వైపు మళ్ళిస్తుంది, దగ్గర్లో ఏదో కదిలిందని చెప్పడానికి అది చాలు. రెక్కల సంగతి కూడా నిజం, ముందు అంచున దువ్వెన పళ్ళ లాంటి వరస, వెనక అంచున కుచ్చులు, పైన మఖమల్ లాంటి నూగు, ఈ మూడూ కలిసి గాలి సుడులు చేసే చప్పుడుని తగ్గిస్తాయని 1934లోనే రాబర్ట్ గ్రాహం అనే నేవీ ఆఫీసర్ వివరంగా రాశాడు. దానివల్ల ఎలుకకి ఇది వస్తున్నట్టు తెలియదు, ఇంకా ముఖ్యంగా ఎగురుతున్నప్పుడు తన రెక్కల చప్పుడు తనకే అడ్డం రాదు. కానీ చూపు కొంచెం, వినికిడి కొంచెం, నిశ్శబ్దం కొంచెం, ఇవి కలిపినా ఒక లోటు ఉండిపోతుంది. చీకట్లో గురిచూసి దూకేటప్పుడు మధ్యలో కొమ్మలున్నాయి, ఊడలున్నాయి, తీగలున్నాయి. సన్నటి తీగ ఆ వెలుతురులో కనపడదు, చప్పుడూ చేయదు. మరి తగులుకోకుండా ఎలా వెళ్తుంది?

మార్టిన్ ఇచ్చిన సమాధానం నాకు చాలా నచ్చుతుంది, అందులో సూపర్ పవర్ ఏమీ లేదు కాబట్టి. గుడ్లగూబకి తన చోటు తెలుసు. ఏ కొమ్మ ఎక్కడుంది, ఏ కొమ్మ మీద నుంచి దూకితే ఏ దారి ఖాళీగా ఉంటుంది, ఎలుకలు ఏ బాటన వెళ్తాయి, ఇదంతా ఏళ్ళ తరబడి అక్కడే ఉండి నేర్చుకున్నది. టానీ ఔల్ జంట ఒక ప్రాంతాన్ని పట్టుకుంటే జీవితాంతం దాదాపు అక్కడే ఉంటుంది, ఏ చోటూ దొరకని పిల్ల గుడ్లగూబలు మొదటి చలికాలం లోపలే చాలావరకు ఆకలితో పోతాయి. చూపులో, వినికిడిలో పెద్దవాటికీ వాటికీ తేడా ఏం లేదు, తేడా అంతా చోటు తెలియడంలోనే.

ఈ ఐడియాని వర్షారణ్యంలోకి తీసుకొస్తే స్పెక్టకిల్డ్ ఔల్ గురించి తెలిసిన చాలా విషయాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇది వలసపోదు, ఏడాదంతా ఒకచోటే. గాల్లో చక్కర్లు కొట్టి వెతకదు, ఒక కొమ్మ మీద కూర్చుని తల తిప్పుకుంటూ చూస్తుంది, ఏదైనా కనపడితే ఒక్కసారిగా కిందకి దూకుతుంది, లేకపోతే ఇంకో కొమ్మకి మారుతుంది. కూర్చుని కాచుకునే వేటగాడికి ఏ కొమ్మ మీద కూర్చోవాలన్నదే సగం పని. మెనూ కూడా ఒకదాని మీద ఆధారపడినది కాదు, ఎలుకలు, చిన్న ఒపోసమ్‌లు, గబ్బిలాలు, నిద్రపోతున్న పక్షులు, బల్లులు, కప్పలు, పీతలు, గొంగళిపురుగులు, పెద్ద పెద్ద కీటకాలు, ఏది దొరికితే అది. ఇందులో నిద్రపోతున్న పక్షిని పట్టడం చూడండి, అది కదలదు, చప్పుడు చేయదు, చెవులతో దొరికే సరుకు కాదు. పక్షులు ఎక్కడ పడుకుంటాయో తెలిసుండాలి, లేదా ఆ మసకలో ఆకారాన్ని గుర్తుపట్టగలగాలి.

అదే అడవిలో పక్క గుడ్లగూబలు వేరే దారి పట్టాయి. గ్వాటెమాలాలోని టికాల్ అడవుల్లో మాటిల్డ్ ఔల్, బ్లాక్ అండ్ వైట్ ఔల్ అనే రెంటినీ దగ్గరగా గమనించిన పని 1990ల్లో వచ్చింది. బ్లాక్ అండ్ వైట్ ఔల్ గబ్బిలాలూ పెద్ద కీటకాల మీద బాగా ఆధారపడుతుంది. క్రెస్టెడ్ ఔల్ అనే ఇంకోటి, తల మీద పొడుగాటి తెల్ల ఈకలతో ఉంటుంది, అది ఎక్కువగా కీటకాలే తింటుంది. అంటే రాత్రి అడవిలో గుడ్లగూబ అనే ఒకే ఉద్యోగం లేదు, నాలుగైదు ఉన్నాయి, స్పెక్టకిల్డ్ ఔల్‌ది వాటిల్లో నేల వైపు చూసే భారీ వేటగాడి పోస్ట్.

భారీ అంటే ఎంత అన్నదానికి పనామాలో ఒక కేసు ఉంది. పనామా కాలువ కోసం నదికి ఆనకట్ట కట్టి గటూన్ సరస్సు నింపినప్పుడు ఒక కొండ శిఖరం నీళ్ళ మధ్యలో మిగిలిపోయి బారో కొలరాడో అనే దీవి అయింది, సుమారు పదిహేను చదరపు కిలోమీటర్లు, స్మిత్‌సోనియన్ వాళ్ళ పరిశోధనా కేంద్రం అక్కడే ఉంది. అక్కడ శాస్త్రవేత్తలు పరికరాలు కట్టి గమనిస్తున్న ఒక పెద్ద స్లాత్ (చెట్ల మీద బతికే జంతువు), మూడు గోళ్ళ రకం, చనిపోయి దొరికింది, ఆధారాలన్నీ చూస్తే చంపింది స్పెక్టకిల్డ్ ఔల్ అని తేలిందని 2009లో రిపోర్ట్ రాశారు. స్లాత్ అంటే ఈ గుడ్లగూబకి కొన్ని రెట్ల బరువు. ఇది రోజూ జరిగే పని కాదు, ఒక అరుదైన ఘటన, దీన్ని పట్టుకుని స్లాత్‌లని వేటాడే రాక్షస గుడ్లగూబ అని పోస్టులు పెడితే మాత్రం నవ్వొస్తుంది. కానీ స్లాత్ నెమ్మదిగా, చప్పుడు లేకుండా, దాదాపు కదలకుండా ఉండి తప్పించుకునే జంతువు, అలాంటిదాన్ని చీకట్లో కనుక్కుంది అన్నదే నాకు బరువు కంటే ఎక్కువ ఆసక్తి.

అదే దీవి మీద ఇంకో మంచి గమనింపు ఉంది. 1978లో డగ్లస్ మోరిసన్ అక్కడి పండ్లు తినే గబ్బిలాలకి రేడియో ట్యాగ్‌లు కట్టి చూస్తే, చంద్రుడు బాగా పైకొచ్చిన గంటల్లో అవి తిండి మానేసి గూటికి తిరిగొచ్చేస్తున్నాయి. వెన్నెలంటే భయం అని దానికి పేరు కూడా పెట్టారు. కారణం చూపుతో వేటాడే గుడ్లగూబల లాంటివి అని ఆయన వివరణ. ఇక్కడ ఒక తమాషా మెలిక ఉంది, వెన్నెల ఉంటే గుడ్లగూబకి బాగా కనపడుతుంది కానీ తినాల్సినవి బయటికి రావు, అమావాస్యకి అన్నీ బయటికొస్తాయి కానీ గుడ్లగూబకి కనపడదు. రాత్రి వేటగాడికి మంచి రాత్రి అంటూ ఒకటి సులభంగా దొరకదు. ఇలాంటప్పుడు చోటు గురించిన జ్ఞానమే రెండు రకాల రాత్రుల్లోనూ పనికొస్తుంది.

పిల్లల విషయం చూస్తే ఇది ఇంకా బలపడుతుంది. గూడు కట్టదు, పెద్ద చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది, ఒకటో రెండో, అంతే. బార్న్ ఔల్ నాలుగు నుంచి ఏడు దాకా పెడుతుంది. ఐదు వారాలు దాటి పొదుగుతుంది, రెండు పిల్లలు వచ్చినా ఎక్కువసార్లు ఒకటే మిగులుతుంది. ఆ పిల్ల ఐదారు వారాలకే, ఇంకా సరిగ్గా ఎగరడం రాకముందే తొర్ర వదిలి కొమ్మల మీదికి వచ్చేస్తుంది, కానీ తల్లిదండ్రుల్ని వదిలిపెట్టడానికి ఏడాది దాకా పట్టొచ్చు. ఏడాది! చాలా పక్షులు ఆ టైమ్‌కి సొంత గూడు పెట్టేసుకుంటాయి. పిల్ల చూడ్డానికి కూడా పెద్దదానికి పూర్తిగా రివర్స్, ఒళ్ళంతా తెల్లటి దూది, ముఖం మాత్రం హృదయాకారంలో నల్లటి ముసుగు. ఆ రంగులు పూర్తిగా మారి పెద్దదానిలా అవ్వడానికి బోనుల్లో పెంచినవాటికి ఐదేళ్ళ దాకా కూడా పట్టింది. అంత తీరిగ్గా పెరిగే పిల్ల ఏం చేస్తుంటుంది అంటే, నా అంచనా, అడవి చదువుతుంటుంది. కొమ్మలు, బాటలు, ఏ కాలంలో ఏ చెట్టు కింద ఎలుకలు చేరతాయి లాంటివి. గోళ్ళూ కళ్ళూ పుట్టుకతో వస్తాయి, ఇవి రావు.

ఇంక ఇది కనపడదు కాబట్టి దీన్ని ఎవరైనా కలిసేది చెవులతోనే. అరుపు చాలా ప్రత్యేకం, లోగొంతుతో పుప్ పుప్ పుప్ అని మొదలై, రాను రాను వేగం పెరిగి, స్థాయి దిగిపోతూ ముగుస్తుంది, పెద్ద రేకు ముక్కని రెండు చేతుల్తో పట్టుకుని ఊపితే వచ్చే వబ్ వబ్ చప్పుడు గుర్తు తెచ్చుకోండి, దాదాపు అదే. బ్రెజిల్‌లో దీన్ని మురుకుటుటు అంటారు. మగదీ ఆడదీ జంటగా కూడా అరుస్తాయి, గాలి లేని వెన్నెల రాత్రుళ్ళలో ఎక్కువ. ఆడది ఒక్కోసారి ఆవిరి ఈల లాంటి కూత కూడా వేస్తుంది. లోగొంతు ఎందుకంటే, సన్నటి శబ్దం ఆకులకి తగిలి చెల్లాచెదురైపోతుంది, లావు శబ్దం ఆకుల్ని దాటుకుని దూరం వెళ్తుంది, పైగా కీటకాల గోల అంతా పై స్థాయిల్లో ఉంటే కింద కాస్త ఖాళీ దొరుకుతుంది. 1975లో యూజీన్ మోర్టన్ పనామాలోనే అడవి పక్షుల గొంతుల్ని కొలిచి, చెట్ల కింద ఉండేవి మైదానం పక్షుల కంటే కింది స్థాయిలో, సాదాగా, మెలికలు తక్కువగా కూస్తాయని చూపించాడు. వినడంలో అడవి అడ్డం వచ్చినా, వినిపించడంలో మాత్రం ఈ గుడ్లగూబ సందు కనిపెట్టుకుంది అన్నమాట. ఆ అరుపు పక్కవాళ్ళకి "ఇది మా చోటు" అని చెప్పే బోర్డు, చోటే ఆస్తి అయినప్పుడు ఆ బోర్డు చాలా ముఖ్యం.

అరుపుల్ని బట్టే గుడ్లగూబల లెక్కలు కూడా మారుతున్నాయి. చీకట్లో అన్నీ ఒకేలా కనపడతాయి కాబట్టి చాలాకాలం ఒకే జాతి అనుకున్నవాటిని గొంతూ డీఎన్‌ఏ పక్కపక్కన పెట్టి చూస్తే వేర్వేరని తేలుతోంది. 2021లో బ్రెజిల్ నుంచి ఇలాగే రెండు స్క్రీచ్ ఔల్ జాతులు కొత్తగా వచ్చాయి, ఒకటి అమెజాన్‌లోని షింగు స్క్రీచ్ ఔల్, దానికి 2005లో హత్యకి గురైన అమెజాన్ కార్యకర్త డొరొతీ స్టాంగ్ పేరు పెట్టారు, రెండోది అలగోవాస్ స్క్రీచ్ ఔల్. స్పెక్టకిల్డ్ ఔల్‌కి కూడా ఆరు ఉపజాతుల దాకా చెప్తారు, అందులో తూర్పు బ్రెజిల్ అట్లాంటిక్ అడవి వైపుది అసలు వేరే జాతే అని కొందరి వాదన, ఇంకొందరు ఒప్పుకోరు. ఇది పేర్ల గొడవలా అనిపిస్తుంది కానీ కాదు, ఎందుకో చెప్తా.

స్పెక్టకిల్డ్ ఔల్ మొత్తం మీద ఐయూసీఎన్ (ఏ జాతికి ఎంత ప్రమాదమో లెక్కగట్టే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ) లిస్టులో లీస్ట్ కన్సర్న్, అంటే అంతరించే ప్రమాదం తక్కువ. చాలామంది దీన్ని "బాగానే ఉంది" అని చదువుతారు. ఆ ట్యాగ్ చెప్పేది వేరు, మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా ఉన్న అంత పెద్ద విస్తీర్ణం మొత్తం మీద ఇది తొందర్లో పూర్తిగా పోయే సూచన లేదని మాత్రమే, అదే లిస్టులో సంఖ్య తగ్గుతోంది అని కూడా పక్కనే ఉంటుంది. న్యాయంగా చెప్పాలంటే ఇది మరీ సున్నితమైన పక్షి కూడా కాదు, అడవి అంచుల్లో, మళ్ళీ పెరిగిన అడవిలో, నీడ చెట్లున్న కాఫీ తోటల్లో కూడా కనపడుతుంది. కానీ అంచున కనపడటం వేరు, అక్కడ పిల్లల్ని పెంచగలగడం వేరు. దానికి తొర్ర కావాలి, ఆ సైజు పక్షికి సరిపడే తొర్ర పడాలంటే చెట్టుకి చాలా ఏళ్ళు రావాలి, తొర్ర తొలుచుకోవడం గుడ్లగూబకి రాదు. అడవి మొత్తం నరక్కుండా పెద్ద చెట్లు మాత్రమే ఏరి నరికితే శాటిలైట్ ఫోటోలో అడవి పచ్చగానే ఉంటుంది, గుడ్లగూబకి ఇల్లు పోతుంది. ఇంకోటి, చోటు తెలియడం మీద బతికే పక్షిని చోటు నుంచి లేపేస్తే పక్క అడవికి వెళ్ళి బతికేస్తుందిలే అనుకోవడానికి లేదు, అక్కడ ఆల్రెడీ ఎవరో ఉంటారు, లేకపోయినా కొమ్మ కొమ్మా మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి, ఆ లోపల ఆకలి ఆగదు.

ఇక్కడే ఆ ఉపజాతి గొడవ ముఖ్యమవుతుంది. అట్లాంటిక్ అడవిలో ముదురు అడవి ఇప్పుడు మిగిలింది నూటికి సుమారు పన్నెండు వంతులే, అదీ ముక్కలు ముక్కలుగా. అక్కడి గుడ్లగూబని ఉపజాతిగా లెక్కేస్తే అమెజాన్‌లో ఉన్న బంధువుల సంఖ్య దాన్ని కూడా సేఫ్ కాలమ్‌లో కూర్చోబెడుతుంది, విడి జాతిగా లెక్కేస్తే దాని పరిస్థితి దానికే విడిగా లెక్కగట్టాలి. పక్షి అదే, అడవి అదే, కాగితం మీద ప్రమాదం మాత్రం మారిపోతుంది. అలగోవాస్ స్క్రీచ్ ఔల్ విషయంలో జరిగింది ఇదే. వేరే జాతుల గుంపులో కలిసి ఉన్నన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు, 2021లో విడిగా పేరు పెట్టిన అదే పేపర్‌లో, ఈశాన్య బ్రెజిల్‌లో చిన్న చిన్న అడవి ముక్కల్లోనే మిగిలింది కాబట్టి దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కించాలని రాయాల్సి వచ్చింది.